ఓడినవాళ్ళ వైపు నుంచి 65 ప్రశ్నలు: స్టాన్లీ కప్ ఫైనల్స్ తెలుగు క్విజ్ డైరీ

అక్టోబరు 5, 2025, ఆదివారం

జూన్ 17 రాత్రి మా పాప టీవీ ముందు నుంచి లేచి, మా ఊరి ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ జెర్సీ కూడా విప్పకుండా వెళ్ళి పడుకుంది. వరసగా రెండో ఏడాది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చేది స్టాన్లీ కప్. ఫైనల్ ఏడు మ్యాచ్‌లది, ముందు నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. 2024 ఫైనల్లో ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో ఏడో మ్యాచ్ 2-1తో పోయింది. ఈ ఏడు మళ్ళీ అదే జట్టు చేతిలో ఆరో మ్యాచ్ 5-1తో పోయింది. అందులో నాలుగు గోల్స్ సామ్ రైన్‌హార్ట్ ఒక్కడే వేశాడు. మర్నాడు పొద్దున ఇడ్లీ తింటూ అడిగింది: "అమ్మా, ఓడిపోయినవాళ్ళ పేర్లు కప్పు మీద ఎక్కడా ఉండవా?"

ఉండవని చెప్పాను, గెలిచినవాళ్ళ పేర్లే దాని మీద చెక్కుతారు. అప్పటి నుంచీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఎడ్మంటన్‌లో మా తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఏటా సంక్రాంతి చేసుకుంటాం. ఈసారి ఆటల పోటీ బాధ్యత నాది. పిల్లలకి హాకీ పిచ్చి, పెద్దవాళ్ళకి దాని ఓనమాలు కూడా తెలియవు. అందుకని స్టాన్లీ కప్ ఫైనల్స్ మీద తెలుగులో ఒక క్విజ్ తయారు చేయాలని నిర్ణయించుకున్నాను. ప్రశ్నలు కార్డుల మీద ఉండాలి, తెలుగు లిపిలో ఉండాలి, తాతయ్యలూ అమ్మమ్మలూ కూడా ఆడగలగాలి. జనవరి 17 దాకా టైముంది.

ఈ వారం ఎక్సెల్ షీటులో 140 ప్రశ్నలు రాశాను. ఏ సంవత్సరం ఎవరు గెలిచారు, ఎవరు ఎన్ని గోల్స్ వేశారు, ఎవరు ఎన్నిసార్లు కప్పెత్తారు. షీటు నిండుగా కనిపిస్తోంది.

అక్టోబరు 19, ఆదివారం

మొదటి పరీక్ష పెట్టాను. ఆడినవాళ్ళు ముగ్గురు: పాప, మా ఆయన, గుంటూరు నుంచి వచ్చి ఫిబ్రవరి దాకా మాతో ఉండబోతున్న నాన్న.

ఇరవై ప్రశ్నలు అడిగాక ఆపేశాను. "అత్యధికంగా 11 సార్లు కప్పు గెలిచిన ఆటగాడు ఎవరు?" అని అడిగితే పాప వెంటనే "ఆన్రీ రిషార్" అంది. నాన్న "ఎవరమ్మా అతను?" అన్నారు. అంతే. తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళకి తెలియదు, మధ్యలో మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఇరవైలో పంతొమ్మిది ఇలాగే నడిచాయి.

మిగిలిన ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఇల్లంతా సందడి. "1950 ఫైనల్లో న్యూయార్క్ రేంజర్స్ సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయారు. ఎందుకు?" పాప మంచు తుఫాను అంది. మా ఆయన కరెంటు లేదేమో అన్నారు. నాన్న కాసేపు ఆలోచించి, "ఆ గ్రౌండుని ఇంకెవరికో ముందే అద్దెకిచ్చి ఉంటారు. మన దగ్గర ఎగ్జిబిషన్ పెడితే స్కూలు పిల్లల ఆటలు ఆగిపోయేవి" అన్నారు. అదే జవాబు! మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సర్కస్ దిగింది. రేంజర్స్ తమ 'సొంత' మ్యాచ్‌లు రెండూ టొరంటోలో ఆడారు. మిగతావన్నీ డెట్రాయిట్‌లోనే. చివరికి ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌లో పీట్ బబాండో గోల్ కొట్టి డెట్రాయిట్‌కి కప్పు ఇచ్చాడు.

"పాపం, ఇల్లు లేకుండా ఆడి అంతదాకా వచ్చారా!" అని నాన్న రెండుసార్లు అన్నారు. ఐస్ హాకీ మ్యాచ్ ఒక్కటి కూడా చూడని మనిషి, 75 ఏళ్ళ కిందట ఓడిపోయిన జట్టు కోసం బాధపడ్డారు.

140 ప్రశ్నల షీటు పక్కన పెట్టేశాను. కొత్త షీటుకి ఒకటే నియమం: ఆలోచిస్తే తట్టే అవకాశం ఉన్న ప్రశ్నలే అడగాలి.

నవంబరు 2, ఆదివారం

కార్డులు డబ్బాలో పెడితే పిల్లలు చూడరు. వాటిని కప్పుకే తగిలిస్తే? ఈ ఆలోచన పాపది. ఈ వారమంతా గరాజ్‌లో అదే పని.

అసలు కప్పు ఎత్తు 89.5 సెంటీమీటర్లు, బరువు 15.5 కిలోలు. మొదట్లో కప్పంటే పైన ఉండే గిన్నె ఒక్కటే. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ పది గినీలు (అప్పటి బ్రిటిష్ డబ్బు) పెట్టి కొన్న వెండి గిన్నె అది. దాని ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు, వెడల్పు 29. కింద ఉన్న పీపాలాంటి భాగమంతా పేర్లు చెక్కడానికి చోటు చాలక తర్వాత తర్వాత చేర్చిందే. ఇప్పుడు ఆటగాళ్ళు ఎత్తుకునే కప్పు మీద ఉన్న గిన్నె కూడా మొదటిది కాదు. మొదటిది పెళుసుబారిపోతే టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో, ఒక పాత బ్యాంకు ఖజానా గదిలో భద్రపరిచారు. మాంట్రియల్ వెండి పనివాడు కార్ల్ పీటర్సన్ చేసిన కప్పు 1963 నుంచి వాడకంలో ఉంది.

మా కప్పుకి సామాను: వంటింట్లో పిండి కలిపే స్టీలు బేసిను (29 సెంటీమీటర్లే, కొలిచి ఎంత సంతోషపడ్డానో!), కాంక్రీటు స్తంభాలు పోసేటప్పుడు వాడే లావుపాటి అట్టగొట్టం, హీటర్ గొట్టాలకి చుట్టే అల్యూమినియం టేపు. గొట్టాన్ని చేతిరంపంతో కోశాను. టేపు అతికించేటప్పుడు ముడతలు పడుతున్నాయి. స్టీలు గరిటె వెనక్కి తిప్పి రుద్దితే చదునుగా కూర్చుంటోంది. మెడ దగ్గర గిన్నెకీ గొట్టానికీ మధ్య మూడు ప్లాస్టిక్ డబ్బా మూతల్ని ఒకదానిపై ఒకటి పేర్చి అతికించాను. జిగురు ఆరకముందే కదిలించడంతో గిన్నె ఒక పక్కకి వాలింది. విప్పి మళ్ళీ చేయాల్సి వచ్చింది.

అసలు కప్పు పీపాకి ఐదు పట్టీలుంటాయి. ఒక్కో పట్టీలో 13 జట్లకు చోటు. మా గొట్టానికీ ఐదు పట్టీలు, ఒక్కోదానికి 13 ప్లాస్టిక్ జేబులు. ఐదు పదమూళ్ళు 65. అంటే నా క్విజ్‌లో 65 ప్రశ్నలే ఉండాలి. ఎన్ని ప్రశ్నలు పెట్టాలన్న లెక్క కప్పే తేల్చేసింది.

నవంబరు 16, ఆదివారం

పట్టీల గురించి ఇంకో సంగతి చదివినప్పటి నుంచి పాప ఊరుకోవడం లేదు. ఐదు పట్టీలూ నిండిపోతే, పైన ఉన్న పాత పట్టీ తీసేసి హాల్ ఆఫ్ ఫేమ్‌కి పంపుతారు. కింద కొత్త ఖాళీ పట్టీ చేరుస్తారు. 2018లో అలా తీసేసిన పట్టీతో పాటు గోర్డీ హౌ, మొరిస్ రిషార్ లాంటి పాతతరం మేటి ఆటగాళ్ళ పేర్లు కప్పు మీద నుంచి వెళ్ళిపోయాయి. "అంటే ఎప్పటికో గ్రెట్స్‌కీ పేరు కూడా పోతుందా?" అని అడిగింది, ఎడ్మంటన్‌కి ఆడిన ఆ దిగ్గజం గురించి. పోతుంది. ఎడ్మంటన్ గెలిచిన ఐదు కప్పులూ 1984, 1985, 1987, 1988, 1990లవి. అవన్నీ ఒకనాటికి కిందికి దిగుతాయి.

"గెలిచినవాళ్ళ పేర్లే పోతాయంటే, మనం కార్డుల్లో ఓడిపోయినవాళ్ళని పెడదాం అమ్మా."

పదకొండేళ్ళ పిల్ల ఈ మాటను ఎంత దూరం ఆలోచించి అందో నాకు తెలియదు. నా నెలన్నర వెతుకులాటకి దారి మాత్రం దొరికింది. ప్రతి ఫైనల్ని ఓడిన జట్టు కుర్చీలో కూర్చుని అడగాలి.

ఈ కొత్త కొలతతో పాత ప్రశ్నల్ని తిప్పి రాస్తుంటే ఒక్కోటీ ఎలా మారిపోతోందో చూడండి.

బాబీ ఓర్ గాల్లో ఎగురుతున్న ఫొటో హాకీ తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 1970 మే 10, ఓవర్‌టైమ్ మొదలైన 40 సెకన్లకే గోల్, బోస్టన్‌కి కప్పు. పాత ప్రశ్న: "ఎగురుతున్నది ఎవరు?" కొత్త ప్రశ్న: "ఈ ఫొటోలో ఓడిన జట్టు సెయింట్ లూయిస్ బ్లూస్. వాళ్ళు లీగ్‌లో చేరిన మొదటి మూడేళ్ళూ ఫైనల్‌కి వచ్చారు. ఆ మూడు ఫైనల్స్‌లో కలిపి ఎన్ని మ్యాచ్‌లు గెలిచారు?" జవాబు సున్నా. 1968, 1969, 1970, మూడుసార్లూ 4-0. ఆ మూడింటిలోనూ ఓడిన జట్టులో ఉన్న గోలీ (గోల్ కాపలాదారు) గ్లెన్ హాల్. 1968లో ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి కాన్ స్మైత్ ట్రోఫీ అతనికే వచ్చింది, జట్టు ఓడిపోయినా. బ్లూస్‌కి కప్పు 2019లో అందింది. అదీ బోస్టన్ మీదే, ఏడు మ్యాచ్‌లు ఆడి. ఆ ఏడు జనవరి మొదట్లో వాళ్ళు లీగ్ మొత్తంలో ఆఖరి స్థానంలో ఉన్నారు. ఈ కార్డు రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1942: మొదటి మూడు మ్యాచ్‌లు గెలిచిన డెట్రాయిట్, తర్వాత నాలుగూ టొరంటోకి పోగొట్టుకుంది. ఫైనల్స్ చరిత్రలో అలా జరిగింది ఆ ఒక్కసారే. నాలుగో మ్యాచ్ అయ్యాక రిఫరీ మీదికి వెళ్ళినందుకు డెట్రాయిట్ కోచ్ జాక్ ఆడమ్స్‌ని సస్పెండ్ చేశారు. ప్రశ్న టొరంటో గురించి కాదు. "అంత ఘోరంగా ఓడిన డెట్రాయిట్ మరుసటి ఏడాది ఏం చేసింది?" 1943లో బోస్టన్‌ని 4-0తో ఓడించి కప్పు గెలిచింది.

ఈ కార్డు పక్కనే 2024ది. మనవాళ్ళు మూడు మ్యాచ్‌లు ఓడి, తర్వాత 8-1, 5-3, 5-1తో మూడు గెలిచి, 1942 నాటి టొరంటోకి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయారు. కానర్ మెక్‌డేవిడ్‌కి కాన్ స్మైత్ ప్రకటించినా మంచు మీదికి రాలేదు. ఓడిన జట్టు నుంచి ఆ ట్రోఫీ అందుకున్న ఆరో మనిషి అతను. ఆ ఆరుగురిలో నలుగురు గోలీలు: 1966లో రోజర్ క్రోజియర్, 1968లో గ్లెన్ హాల్, 1987లో రాన్ హెక్స్‌టాల్, 2003లో జాన్ సెబాస్టియన్ జిగెర్. ప్రశ్న: "నలుగురు గోలీలే ఎందుకై ఉంటారు?" ఇది జవాబు ఒకటే ఉన్న ప్రశ్న కాదని తెలిసే పెట్టాను. బలహీనమైన జట్టు గోలీ మీదికే షాట్లు ఎక్కువ వస్తాయి. ఇంకో సంగతి, హెక్స్‌టాల్‌ని ఏడో మ్యాచ్‌లో ఓడించింది మన ఎడ్మంటనే. పాప ఈ మాట విని కాసేపు మౌనంగా ఉంది.

నవంబరు 29, శనివారం

తప్పు దిద్దుకోవాలి. ఓడినవాళ్ళ పేరు కప్పు మీద ఉండదని పాపకి చెప్పాను కదా. గెలవకుండానే రెండు జట్ల పేర్లూ ఎక్కిన సంవత్సరం ఒకటుంది.

1919. మాంట్రియల్ కెనడియన్స్ రైలెక్కి సియాటిల్ వెళ్ళారు. సియాటిల్ మెట్రోపాలిటన్స్‌తో ఐదు మ్యాచ్‌లు ఆడారు. రెండు వీళ్ళవి, రెండు వాళ్ళవి, ఒకటి ఓవర్‌టైమ్ ఆడినా 0-0. తేల్చాల్సిన ఆరో మ్యాచ్ ఏప్రిల్ 1న. ఆ పొద్దున్నకి కెనడియన్స్‌లో చాలామంది స్పానిష్ ఫ్లూ జ్వరంతో మంచాన పడ్డారు. ఆడలేమని, కప్పు సియాటిల్ తీసుకోవచ్చని వాళ్ళ మేనేజర్ జార్జ్ కెనడీ అన్నాడు. సియాటిల్ కోచ్ పీట్ మల్డూన్ ఒప్పుకోలేదు. జబ్బుపడ్డవాళ్ళ దగ్గర కప్పు తీసుకోనన్నాడు. నాలుగు రోజులకి, ఏప్రిల్ 5న, కెనడియన్స్ ఆటగాడు జో హాల్ సియాటిల్‌లోనే చనిపోయాడు. కెనడీ కూడా పూర్తిగా కోలుకోలేక రెండేళ్ళకి పోయాడు. 1948లో కప్పుని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు రెండు జట్ల పేర్లూ చెక్కి, కింద 'సిరీస్ పూర్తి కాలేదు' అని రాశారు.

నేను ఇది చదివి వినిపిస్తుంటే నాన్న చేతిలో ఉన్న జంతిక పళ్ళెంలో పెట్టేశారు. "మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ చిన్నప్పుడు అలాంటి జ్వరమే వచ్చి ఊళ్ళో ఒకే ఇంట్లో ముగ్గురు పోయారట. ఆ జ్వరమేనేమో ఇది." అదే. మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు ఆ జ్వరంతో. సియాటిల్ ఆసుపత్రిలో జో హాల్, గుంటూరు జిల్లా పల్లెలో పేరు కూడా మిగలని ముగ్గురు. ఈ కార్డు వెనక జవాబు కింద నాన్న మాట కూడా ఒక వాక్యం చేర్చాను.

ప్రశ్న: "గెలిచే అవకాశం చేతిలో ఉండి కూడా సియాటిల్ కప్పు ఎందుకు తీసుకోలేదు?"

డిసెంబరు 7, ఆదివారం

భాష పని. తెలుగులో హాకీ అంటే గడ్డి మీద ఆడేదే. అందుకని ఐస్ హాకీ అని ప్రతి కార్డు మీదా రాయకుండా, కప్పు పైన గిన్నె అంచున ఒక్కసారే రాశాను. గోలీ, ఓవర్‌టైమ్, హ్యాట్రిక్ అలాగే ఉంచాను. ఆ మాటలు అందరికీ తెలిసినవే. 'పక్' దగ్గర ఆగాను. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు ముక్క. నాన్న ఒకసారి చేత్తో పట్టుకుని చూసి "బిళ్ళ" అన్నారు. బిళ్ళంగోడు ఆడినవాళ్ళకి అంతకంటే వివరించక్కర్లేదు. కార్డుల్లో అదే ఖాయం చేశాను.

తెలుగులో ఇదంతా ఎందుకని మా ఆయన మొదట్లో అడిగారు. ఇక్కడ 2008 నుంచి పంజాబీలో హాకీ కామెంటరీ వస్తోంది. 2016 ఫైనల్ మొదటి మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు నిక్ బొనీనో గెలుపు గోల్ కొడితే, హర్నారాయణ్ సింగ్ "బొనీనో, బొనీనో, బొనీనో" అని గొంతు ఆపకుండా పలికిన తీరుకి ఊగిపోయి పిట్స్‌బర్గ్ వాళ్ళు ఆ బృందాన్ని తమ విజయోత్సవానికే పిలిచారు. ఆ వీడియో పెట్టి చూపించాను. నాన్నకి పంజాబీ రాదు. అయినా మూడుసార్లు వేయించుకుని విన్నారు. ఆ తర్వాత 1975లో కౌలాలంపూర్‌లో మన హాకీ జట్టు పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన రోజు, రేడియో చుట్టూ హాస్టల్ అంతా ఎలా మూగిందో చెప్పడం మొదలుపెట్టారు. రాత్రి పదకొండయింది.

అదే 1975 మే నెలలో బఫెలోలో జరిగిన ఫైనల్ మ్యాచ్ కార్డు తీసి చూపించాను. ఏసీ లేని హాలు, బయట ఉక్క, లోపల మంచు. మంచు మీద నుంచి పొగమంచు లేచి ఆటగాళ్ళు కనబడలేదు. దుప్పట్లు పట్టుకుని స్కేటింగ్ చేస్తూ పొగమంచుని చెదరగొట్టారు. ఒక గబ్బిలం కూడా ఎగురుతుంటే జిమ్ లోరెంజ్ కర్రతో కొట్టాడు. ఆ రోజు బఫెలో ఓవర్‌టైమ్‌లో 5-4తో గెలిచింది, ఫైనల్ మాత్రం ఫిలడెల్ఫియాది. బఫెలోకి ఇప్పటిదాకా కప్పు రాలేదు.

డిసెంబరు 20, శనివారం

ప్రింటింగ్ దెబ్బ కొట్టింది. కార్డుల ఫైలు ఒక ప్రింటు షాపుకి పంపితే, ఒత్తులన్నీ విడిపోయి వచ్చాయి. 'స్టాన్లీ'లో టకారం విడిగా, సకారం పొల్లుతో విడిగా. 'క్విజ్' గుర్తుపట్టలేకుండా ఉంది. 65 కార్డులూ వృథా. వాళ్ళ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు, నేను ఫైల్లోకి ఫాంటు చేర్చలేదు. ఇంటికొచ్చి ఒక్కో కార్డుని బొమ్మగా మార్చి మళ్ళీ పంపాను. రెండోసారి చక్కగా వచ్చాయి.

చక్కగా అనుకున్నాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదివి మూడు తప్పులు పట్టుకున్నారు. ఒక చోట 'టొరంటో'లో సున్నా ఎగిరిపోయి 'టొరటో' అయింది. మళ్ళీ ప్రింటు వేయిస్తానంటే పాప ఒప్పుకోలేదు. కప్పు మీద తప్పులున్నప్పుడు కార్డుల మీద ఉంటే ఏమిటంది.

నిజమే, ఉన్నాయి. 1972లో 'బోస్టన్'లో రెండు 'ఓ'లకీ బదులు 'క్యూ' అక్షరం పడింది. 1963లో 'మేపుల్ లీఫ్స్'లో 'ఎఫ్' పోయి 'ఈ' వచ్చింది. 1981లో న్యూయార్క్ ఐలాండర్స్ పేరులో 'ఎస్' లేదు. 1996లో కొలరాడో ఆటగాడు ఆడమ్ డెడ్‌మార్ష్ పేరు తప్పు పడితే దిద్దారు. కప్పు మీద దిద్దిన మొదటి పేరు అదేనంటారు. ఇక మన ఎడ్మంటన్‌ది మరీ ప్రత్యేకం. 1984లో గెలిచాక జట్టు యజమాని పీటర్ పాక్లింగ్‌టన్ జట్టుతో సంబంధం లేని తన తండ్రి బేసిల్ పేరు కూడా చెక్కించాడు. లీగ్ ఒప్పుకోలేదు. చెరపడానికి వీల్లేని వెండి కాబట్టి దాని మీద 16 'ఎక్స్' గుర్తులు కొట్టారు. అసలు కప్పు ఊళ్ళు తిరుగుతుంటే మ్యూజియంలో ఉంచడానికి 1993లో నకలు ఒకటి చేశారు. అందులో ఆ పేరూ లేదు, ఆ ఎక్స్‌లూ లేవు. ఏది అసలు కప్పో చెప్పడానికి ఇదొక ఆనవాలు.

ఆ మూడు కార్డుల్నీ మార్చలేదు. తప్పు మీద ఎర్ర సిరాతో ఎక్స్ కొట్టి పక్కన సరైన అక్షరం నాన్న తన చేత్తో రాశారు.

జనవరి 4, 2026, ఆదివారం

మా కప్పు తూచాను. సూట్‌కేసులు తూచే కాటా మీద 3.2 కిలోలు. మరీ తేలిక. ఎత్తితే కప్పెత్తినట్టు అనిపించదు. లోపల ఇటుకలు పెడదామంటే అట్ట ఊడిపోతుంది. నాన్న సలహాతో ఖాళీ బియ్యం సంచిలో 15.5 కిలోల బియ్యం పోసి నోరు కుట్టాం. కప్పు పక్కన ఆ సంచి ఉంటుంది. ఎవరైనా తలపైకి ఎత్తి చూడొచ్చు. మూడు నెలల ఆట ఆడి, దెబ్బలు తిని, ఆ రాత్రి అంత బరువు తలపైకి ఎత్తడమంటే ఏమిటో చేతులకి తెలియాలి.

చివరి కార్డులు కూర్చాను. 1905లో కెనడా వాయవ్య కొసన ఉన్న డాసన్ సిటీ నుంచి ఒటావాకి దాదాపు 6,400 కిలోమీటర్లు కాలినడకన, కుక్కల బండ్ల మీద, ఓడలో, రైల్లో వచ్చి 9-2, 23-2తో ఓడిన జట్టు ఒకటి. ఆ రెండో మ్యాచ్‌లో 14 గోల్స్ కొట్టిన ఒటావా ఆటగాడు ఫ్రాంక్ మెక్‌గీకి ఒక కన్ను కనిపించదు. 1928లో గోలీకి కంటి దెబ్బ తగిలితే 44 ఏళ్ళ కోచ్ లెస్టర్ పాట్రిక్ స్వయంగా గోల్‌లో నిలబడి రేంజర్స్‌ని ఓవర్‌టైమ్‌లో గెలిపించిన మ్యాచ్ ఇంకొకటి. గ్యాలరీలో కూర్చున్న వేరే గోలీని వాడుకోవడానికి ప్రత్యర్థి మాంట్రియల్ మరూన్స్ ఒప్పుకోలేదు. "ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది?" అన్నది ప్రశ్న.

1951 కార్డు మాత్రం నియమం తప్పింది. ఐదు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కి వెళ్ళిన ఫైనల్ అది. టొరంటోకి గెలుపు గోల్ కొట్టిన బిల్ బరిల్కో నాలుగు నెలలకి చేపల వేటకెళ్ళి, తిరుగు ప్రయాణంలో విమానంతో సహా అడవిలో తప్పిపోయాడు. 1962 జూన్‌లో శిథిలాలు దొరికాయి. ఆ మధ్య పదకొండేళ్ళు టొరంటోకి కప్పు లేదు. దొరకడానికి కొన్ని వారాల ముందే, ఏప్రిల్‌లో, మళ్ళీ గెలిచింది. గెలిచినవాడిదే అయినా ఈ కార్డు తీసేయడానికి మనసొప్పలేదు.

జనవరి 17, శనివారం, రాత్రి

బయట కారు స్టార్ట్ అవ్వడానికే పావుగంట పట్టినంత చలి. లోపల అరిసెల వాసన, ముగ్గులు, ఎనభై మంది దాకా జనం. ఇంటికో జట్టు. కప్పు దగ్గరికి వచ్చి ఏదో ఒక జేబులోంచి కార్డు తీయాలి, గట్టిగా చదవాలి, రెండు నిమిషాలు ఆలోచించుకుని జవాబు చెప్పాలి.

మొదటి కార్డు 1988ది పడింది. "బోస్టన్‌లో నాలుగో మ్యాచ్ 3-3 దగ్గర ఆగిపోయింది. మళ్ళీ ఎడ్మంటన్‌లో ఆడారు. ఎందుకు ఆగింది?" విజయవాడ నుంచి వచ్చిన ఒక బామ్మగారు మనవడు నోరు తెరిచేలోగా "కరెంటు పోయుంటుంది" అన్నారు. హాలంతా చప్పట్లు. నిజంగానే మే 24న బోస్టన్ గార్డెన్‌లో కరెంటు పోయింది. రెండు రోజుల తర్వాత ఎడ్మంటన్ 6-3తో గెలిచి కప్పెత్తింది. ఆ రాత్రి గ్రెట్స్‌కీ అందరినీ మంచు మీద కప్పు చుట్టూ కూర్చోబెట్టి ఫొటో తీయించాడు. గెలిచిన ప్రతి జట్టూ తర్వాత అదే చేస్తోంది. ఆగస్టుకల్లా గ్రెట్స్‌కీని లాస్ ఏంజెలెస్‌కి పంపేశారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఆ బామ్మగారికి ఈ కథంతా తెలుగులో చెబుతుంటే, నేను మైకు పక్కన పెట్టేసి వింటూ నిలబడ్డాను.

1919 కార్డు ఒక పన్నెండేళ్ళ అబ్బాయి తీశాడు. "రోగంతో ఉన్నవాళ్ళని ఓడించినట్టు ఉంటుందని" అన్నాడు. అంతకంటే బాగా నేను రాయలేదు.

బియ్యం సంచి పదిహేను మంది పైగా ఎత్తారు. తలపైకి ఎత్తి నిలబెట్టగలిగింది ఆరుగురే. మధ్యలో కుట్టు ఊడి కాసిని బియ్యం నేల మీద పడ్డాయి.

గంటన్నరలో 31 కార్డులు అయ్యాయి. భోజనాలకి పిలుపు వచ్చి ఆపేశాం.

జనవరి 25, ఆదివారం

మిగిలిన పనులు: రెండో పట్టీ దగ్గర టేపు లేస్తోంది, మళ్ళీ రుద్దాలి. జేబుల్లో నాలుగు చిరిగాయి. అన్నిటికంటే కింది పట్టీలో 13 జేబులకీ కార్డులున్నాయి కదా అనుకుంటే, పాప అందులోంచి ఐదు తీసేసింది. అసలు కప్పు కింది పట్టీలో కూడా ఇంకా ఖాళీ ఉందిట. ముందు ముందు వచ్చే ఫైనల్స్‌కి చోటుండాలంది. తీసిన ఐదూ 1950 సర్కస్ కార్డుతో కలిపి ఒక కవరులో పెట్టి తాతయ్య సూట్‌కేసులో సర్దింది. నాన్న ఫిబ్రవరి 8న గుంటూరు వెళ్తున్నారు. సాయంత్రం పార్కులో కలిసే స్నేహితులకి ఆ ప్రశ్నలు వేస్తారట. సూట్‌కేసు తూచాం, 22.6 కిలోలు. ఇంకో నాలుగు వందల గ్రాములు పట్టేటట్టుంది. పక్ ఒకటి తీసుకెళ్తానన్నారు, బిళ్ళ అంటే ఏమిటో వాళ్ళకి చూపించడానికి.